వైద్యుల పట్టీ: మద్రాసు రిజిస్టరు నుంచి జాతీయ రిజిస్టరు దాకా

ఒక రాష్ట్రంలో వైద్యులు ఎందరు, నర్సులు ఎందరు, వారిలో పల్లెల్లో పనిచేసేవారు ఎందరు అన్న ప్రశ్న తలెత్తినప్పుడు ప్రభుత్వాలు ముందుగా తెరిచేది వృత్తి కౌన్సిళ్ల దగ్గరుండే రిజిస్టరును. చట్టం గుర్తించిన చదువు పూర్తిచేసి, రుసుము కట్టి, పేరు నమోదు చేయించుకున్నవారి పట్టిక ఇది. ఆ నమోదుతోనే వారికి వృత్తిపరమైన హక్కులు సంక్రమిస్తాయి. మద్రాసు రాష్ట్రంలో భాగంగా ఉన్న తెలుగు జిల్లాల్లో ఈ పట్టిక చరిత్ర 1914 నాటి మద్రాసు వైద్య నమోదు చట్టంతో మొదలవుతుంది. ఆనాటి నుంచి ఈనాటి వరకు నడిచిన నూరేళ్ల పైచిలుకు చరిత్రను పరిశీలిస్తే, రిజిస్టరు పుట్టింది వైద్యులను లెక్కపెట్టడానికి కాదని, ఎవరు వైద్యులో ఎవరు కారో హద్దు గీయడానికని, లెక్క చెప్పే భారం చాలాకాలం తర్వాత దాని మీద పడిందని, ఆ భారానికి తగినట్లు దాన్ని మలచుకునే పని నేటికీ సాగుతూనే ఉందని తెలుస్తుంది.

ఈ విధానానికి మాతృక బ్రిటన్‌లో 1858లో వచ్చిన వైద్య చట్టం. విశ్వవిద్యాలయాలు, రాయల్ కాలేజీలు, అపాతికరీల సంఘం వేటికవే యోగ్యతాపత్రాలు ఇస్తున్న ఆ కాలంలో, వాటన్నిటినీ ఒక్క పట్టికలోకి తెచ్చి, ఆ పట్టికను కాపాడే బాధ్యతను జనరల్ మెడికల్ కౌన్సిల్ అనే సంస్థకు అప్పగించారు. చట్టంలోని 14వ సెక్షను రిజిస్ట్రారు చేయవలసిన పనిని చాలా వివరంగా చెప్పింది. చనిపోయినవారి పేర్లు ఎప్పటికప్పుడు కొట్టివేయాలి, మారిన చిరునామాలు, కొత్తగా పొందిన అర్హతలు దిద్దుకోవాలి; ఎవరైనా వృత్తి మానుకున్నారా, ఊరు మారారా అన్న సందేహం కలిగితే రిజిస్టరులో ఉన్న చిరునామాకు ఉత్తరం రాయాలి; ఆరు నెలలలోగా జవాబు రాకపోతే ఆ పేరును తొలగించవచ్చు, తర్వాత కౌన్సిల్ ఆదేశంతో తిరిగి చేర్చవచ్చు. ఇదే చట్టంలోని మరో సెక్షను మరణాలు నమోదు చేసే ప్రతి స్థానిక అధికారిపైనా, చనిపోయిన వ్యక్తి వైద్యుడైతే ఆ సంగతిని వెంటనే తపాలా ద్వారా కౌన్సిల్‌కు తెలియజేయవలసిన విధిని మోపింది. పట్టిక బతికి ఉండాలంటే తపాలా శాఖ, మరణాల నమోదు శాఖ రెండూ దానికి ఊపిరి పోయాలని ఆ చట్టం రాసినవారు గ్రహించారు. భారతదేశంలోని చట్టాలు ఈ నమూనాలో హద్దు గీసే భాగాన్ని సులువుగానే అందుకున్నాయి కాని, పట్టికను సజీవంగా ఉంచే యంత్రాంగం ఇక్కడ లేదు. జననమరణాల నమోదును దేశమంతటా తప్పనిసరి చేసే చట్టం 1969 దాకా రాలేదన్నది ఇక్కడ గుర్తుంచుకోవలసిన విషయం.

చట్టం రాకముందు మద్రాసు రాజధానిలో వైద్యం చేసేవారిలో ఎన్నో అంతరాలు ఉండేవి. అందరికన్నా పైన ఇండియన్ మెడికల్ సర్వీసు అధికారులు, వారి కింద అసిస్టెంట్ సర్జన్లు, ఇంకా కింద హాస్పిటల్ అసిస్టెంట్లు ఉండేవారు. ఈ చివరి పదవినే తర్వాత సబ్ అసిస్టెంట్ సర్జన్ అన్నారు. తాలూకా కేంద్రాల్లో స్థానిక బోర్డుల ఆసుపత్రులను నిజంగా నడిపినవారు వీరే. 1835లో మద్రాసులో మొదలైన వైద్య పాఠశాల కాలక్రమంలో కళాశాలగా ఎదిగింది. 1902లో విశాఖపట్నంలో నెలకొన్న వైద్య పాఠశాల 1923లో కళాశాలగా మారి, నేటి ఆంధ్ర మెడికల్ కాలేజీ అయింది. హైదరాబాద్ సంస్థానంలో 1846లోనే వైద్య పాఠశాల ఏర్పడింది. అక్కడి పరిపాలన వేరు, చట్టాలు వేరు. వీరందరికీ వెలుపల, ఏ ప్రభుత్వ దస్త్రంలోనూ పేరు లేకుండా, ఊరూరా ఆయుర్వేద వైద్యులు, యునానీ హకీములు, ఎముకలు కట్టేవారు, మంత్రసానులు ఉండేవారు. జనంలో అత్యధికులకు తెలిసిన వైద్యం వీరిదే.

వీరి సంఖ్య ఎంతో చెప్పడానికి అప్పట్లో ఉన్న ఒకే ఒక ఆధారం జనాభా లెక్కలు. 1881లో దేశమంతటా ఒకే సమయంలో జరిగిన మొదటి జనగణన నుంచి ప్రతి వ్యక్తి వృత్తినీ రాసుకుంటూ వచ్చారు. అయితే ఇంటి యజమాని నోటి మాట ఏదైతే అదే రాసేవారు. వైద్యుడినని చెప్పుకున్న మనిషి ఏ చదువు చదివాడో, ఎవరి దగ్గర నేర్చాడో విచారించే బాధ్యత లెక్కలు రాసేవాడికి లేదు. ఆ విధంగా వైద్య వృత్తి లెక్కకు మొదటి నుంచీ రెండు దారులు ఏర్పడ్డాయి. మనిషి తన గురించి తాను చెప్పుకున్నది జనగణన దారి. అధికార సంస్థ ధ్రువీకరించినది రిజిస్టరు దారి. ఈ రెండూ ఎన్నడూ ఒకచోట కలవకపోవడమే తర్వాతి నూరేళ్ల చిక్కులకు మూలం.

బొంబాయిలో 1912లో, బెంగాల్‌లోనూ మద్రాసులోనూ 1914లో నమోదు చట్టాలు వచ్చాయి. గుర్తింపు లేని డిగ్రీలను అరికట్టడానికి 1916లో కేంద్ర ప్రభుత్వం వేరే చట్టం చేసింది. మద్రాసు రిజిస్టరులో రాసిన వివరాలు కొద్దిపాటివి: పేరు, చిరునామా, అర్హత, నమోదైన తేదీ. నమోదైనవారు ఇచ్చిన వైద్య ధ్రువపత్రాలకే చట్టం దృష్టిలో విలువ. ప్రభుత్వ వైద్య ఉద్యోగాలకు వారే అర్హులు. అయితే నమోదు లేనివారు వైద్యం చేయరాదన్న నిషేధాన్ని ఈ చట్టాలు విధించలేదు. ఊళ్లలో సంప్రదాయ వైద్యులను ఆపితే రోగులకు వేరే దిక్కు లేదని ప్రభుత్వానికి బాగా తెలుసు. అందువల్ల రిజిస్టరు మొదటి రోజు నుంచే వైద్యం చేసేవారి పట్టికగా కాక, వైద్యం చేసేవారిలో ప్రభుత్వం గుర్తించిన ఒక వర్గం పట్టికగా రూపొందింది.

ఈ హద్దు ఎంత కఠినంగా ఉండేదో ఆయుర్వేద కళాశాలల విషయంలో తేటతెల్లమైంది. నమోదైన వైద్యులు ఆ కళాశాలలతో సంబంధం పెట్టుకోవడం వృత్తి మర్యాదకు భంగమని భావించిన కౌన్సిళ్లు అలాంటివారిపై చర్యలకు పూనుకున్నాయి. దీనిపై దేశీయ వైద్యాభిమానులు తీవ్రంగా నిరసన తెలిపారు. ఆ నిరసనలో న్యాయం ఉందని ఇప్పుడు చూసినా అనిపిస్తుంది. ఆచంట లక్ష్మీపతి వంటివారు పాశ్చాత్య వైద్యంలో పట్టా పొంది, ఆయుర్వేద బోధనకు జీవితాన్ని అంకితం చేశారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివి, ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పత్రంతో బయటికొచ్చిన యల్లాప్రగడ సుబ్బారావుకు బోధనావకాశం ఇచ్చింది కూడా మద్రాసులోని ఆయుర్వేద కళాశాలే. పట్టాల తరతమాలను బట్టి మనుషులను వరుసలో నిలబెట్టే ఆ కాలపు పద్ధతి ఎటువంటి మేధావులను పక్కకు నెట్టిందో చెప్పడానికి ఈ ఒక్క పేరు చాలు.

పానగల్లు రాజా పానగంటి రామరాయనింగారు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో, 1921లో మద్రాసు ప్రభుత్వం దేశీయ వైద్య విధానాలపై మహమ్మద్ ఉస్మాన్ అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించింది. 1923లో నివేదిక వెలువడింది. ఈ సంఘం ప్రశ్నావళి తయారుచేసి రాష్ట్రమంతటా వైద్యులకు పంపగా, ఇంగ్లీషులోనే కాక సంస్కృతంలో, దేశభాషల్లో కూడా సమాధానాలు వచ్చాయి. అంతకుముందు ఏ ప్రభుత్వ దస్త్రంలోనూ చోటు దక్కని వైద్యులు తమ విద్య గురించి, గురుపరంపర గురించి, వాడే మందుల గురించి తమ మాటల్లో చెప్పుకున్న సందర్భం ఇది. పేరు, అర్హత, తేదీ తప్ప మరేమీ అడగని రిజిస్టరుతో పోలిస్తే, వైద్యవృత్తి నిజస్వరూపం తెలుసుకోవడానికి ఇలాంటి విచారణే మెరుగైన పద్ధతి అని చెప్పవచ్చు. ఆ కాలంలోనే, 1924–25 ప్రాంతంలో, గ్రామాల్లో స్థిరపడి ప్రాక్టీసు పెట్టే వైద్యులకు ప్రభుత్వం సాలీనా సబ్సిడీ ఇచ్చే గ్రామీణ వైద్య పథకం మొదలైంది. వైద్యుడు ఎక్కడ ఉంటున్నాడు అన్న సంగతి ప్రభుత్వానికి నిజంగా అవసరమైనది అప్పుడే. హక్కుల పత్రంగా పుట్టిన పట్టికను పంపిణీ ప్రణాళికకు ఆధారంగా చూడడం అక్కడి నుంచే ఆరంభమైందనుకోవాలి.

నర్సుల, మంత్రసానుల విషయం మరింత క్లిష్టమైనది. మిషన్ ఆసుపత్రులు తమ నర్సులకు తామే పరీక్ష బోర్డులు ఏర్పరచుకుని, ధ్రువపత్రాలు ఇచ్చుకునేవి. తెలుగునాట గుంటూరులో అన్నా కుగ్లర్ 1883 నుంచి ఆరంభించిన వైద్యసేవ ఇలాంటి శిక్షణకు ఒక కేంద్రమైంది. 1926లో మద్రాసు నర్సుల, మంత్రసానుల చట్టం వచ్చి వీరికి ప్రత్యేక రిజిస్టరు ఏర్పరచింది. అయితే కాన్పుల్లో అత్యధిక భాగం ఇళ్లలోనే, వంశపారంపర్యంగా ఆ పని చేస్తున్న మంత్రసానుల చేతుల మీదుగా జరిగేవి. వారికి శిక్షణ ఇప్పించడానికి లేడీ కర్జన్ 1903లో విక్టోరియా స్మారక నిధిని నెలకొల్పినా, శిక్షణ పొందినవారు బహు కొద్దిమంది. శిక్షణ లేనివారి పేర్లు ఎక్కడా లేవు. ఈ స్త్రీలు తెలుగు పల్లెల్లో తరతరాలుగా బిడ్డలను భూమి మీదికి తెచ్చినా, వైద్య సిబ్బంది లెక్కల్లో వారు ఎన్నడూ కనిపించలేదు. ఇది ఆ లెక్కల్లోని లోపాలన్నిటిలోనూ పెద్దదని చెప్పక తప్పదు.

ఇక అఖిల భారత స్థాయి విషయం. భారతీయ డిగ్రీల గుర్తింపు విషయమై బ్రిటన్‌లోని జనరల్ మెడికల్ కౌన్సిల్‌కూ ఇక్కడి ప్రభుత్వానికీ మధ్య నడిచిన వివాదం 1930లో గుర్తింపు రద్దుకు దారితీయగా, దాని పర్యవసానంగా 1933లో ఇండియన్ మెడికల్ కౌన్సిల్ చట్టం వచ్చింది. విశ్వవిద్యాలయ పట్టభద్రుల చదువు ప్రమాణాలను మాత్రమే ఆ కౌన్సిల్ పరిధిలో చేర్చారు. వైద్య పాఠశాలల్లో చదివి ఎల్.ఎం.పి. అనిపించుకున్న లైసెన్షియేట్లను అందులో కలపలేదు. వారి పేర్లు రాష్ట్రాల రిజిస్టర్లలోనే మిగిలిపోయాయి.

వీరిని విడిచిపెడితే మిగిలేది ఎంతో 1946లో స్పష్టమైంది. 1943లో నియమితుడైన జోసెఫ్ భోర్ అధ్యక్షతన పనిచేసిన ఆరోగ్య సర్వే సంఘం 1946లో సమర్పించిన నివేదికలో, బ్రిటిష్ ఇండియాలో వైద్యులు 47,524 మంది అని, వారిలో పట్టభద్రులు 17,654, లైసెన్షియేట్లు 29,870 అని లెక్క చెప్పింది. అంటే ప్రతి ముగ్గురు వైద్యుల్లో దాదాపు ఇద్దరు లైసెన్షియేట్లే. 6,300 మందికి ఒక వైద్యుడు, 43,000 మందికి ఒక నర్సు, 60,000 మందికి ఒక మంత్రసాని, 3,00,000 మందికి ఒక దంతవైద్యుడు అన్న నిష్పత్తులు ఆ నివేదికలోనివే. వైద్యులు పట్టణాల్లో కుప్పపోసినట్లు చేరారని, పల్లెలు ఖాళీగా ఉన్నాయని కూడా సంఘం గుర్తించింది. ఇన్ని చెప్పినా, సంఘం అధిక సంఖ్యాకులు లైసెన్షియేటు చదువును ఎత్తివేయాలనే తీర్మానించారు. కొందరు సభ్యులు విభేదించారు. పల్లెల్లో అంతో ఇంతో కనిపించే వైద్యుడు ఎల్.ఎం.పి.యే అయినప్పుడు, ఆ చదువునే మూసివేయడం సబబా అన్న విభేదకుల ప్రశ్న ఇప్పటికీ గట్టిదే. దేశ ఆరోగ్య ప్రణాళికకు వైద్య సిబ్బంది సంఖ్యను పునాదిగా తీసుకున్న మొదటి పెద్ద ప్రయత్నంగా భోర్ నివేదికను గుర్తించాలి. తర్వాతి ప్రణాళికలన్నీ ఆ నిష్పత్తుల భాషనే అనుసరించాయి.

స్వాతంత్ర్యానంతరం చట్టాలు వరుసగా వచ్చాయి: 1947లో నర్సింగ్ కౌన్సిల్‌కు, 1948లో ఫార్మసీకి, అదే ఏడాది దంతవైద్యానికి. 1956 నాటి కొత్త మెడికల్ కౌన్సిల్ చట్టం అఖిల భారత వైద్య రిజిస్టరును నెలకొల్పింది. అయితే అది స్వయంగా పేర్లు నమోదు చేసే పుస్తకం కాదు. రాష్ట్ర కౌన్సిళ్లు పంపే పేర్లను కలిపి కూర్చిన సంపుటి. ఏ రాష్ట్రం ఎప్పుడు పంపితే అప్పుడు, ఏ వివరాలు పంపితే ఆ వివరాలే అందులో చేరాయి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కోస్తా, రాయలసీమ జిల్లాల్లో మద్రాసు చట్టం, తెలంగాణలో హైదరాబాద్ కాలపు చట్టం నడుస్తూ ఉండగా, 1968 నాటి ఆంధ్రప్రదేశ్ వైద్యుల నమోదు చట్టం రెండు ప్రాంతాలనూ ఒకే రిజిస్టరు కిందికి తెచ్చింది. 1970 నాటి భారతీయ వైద్య కేంద్ర మండలి చట్టం ఆయుర్వేద, యునానీ, సిద్ధ విధానాలకు అర్హతలను నిర్ణయించింది. రిజిస్టరు లేని రాష్ట్రాల్లో అప్పటికి అయిదేళ్లు తక్కువ కాకుండా వైద్యం చేస్తున్నవారి హక్కును మినహాయించి, కేవలం అనుభవం ఆధారంగా వృత్తిలో ప్రవేశించే తలుపును మూసింది. ఆ తలుపు మూసుకున్న తర్వాత కూడా తెలుగు పల్లెల్లో జ్వరానికీ గాయానికీ మొదట పిలిచేది ఆర్.ఎం.పి. డాక్టర్లనే. ఏ రిజిస్టరులోనూ పేరు లేని వీరికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2000ల చివరి భాగంలో శిక్షణ ఇప్పించడానికి పూనుకుంది. వైద్యుల సంఘాలు వ్యతిరేకించాయి. లెక్కలో లేనివారు సేవలో ఉన్నారన్న విషయాన్ని ప్రభుత్వమే ఒప్పుకున్నట్లు ఆ ప్రయత్నాన్ని అర్థం చేసుకోవాలి.

రిజిస్టరులో ఉన్న పేర్లకూ పనిలో ఉన్న మనుషులకూ మధ్య దూరం ఏటేటా పెరిగింది. దీనికి కారణాలు తెలుగు పాఠకులకు దగ్గరగా తెలిసినవే. వైద్యుడు చనిపోతే కుటుంబం కౌన్సిల్‌కు తెలియజేయాలన్న ఆలోచనే అరుదు. 1965లో అమెరికా వలస చట్టం మారిన తర్వాత గుంటూరు, విశాఖపట్నం, కర్నూలు, హైదరాబాద్, వరంగల్ కళాశాలల నుంచి వేలాదిగా వెళ్లిన వైద్యుల పేర్లు ఇక్కడి పట్టికలో అలాగే ఉండిపోయాయి. విదేశంలో నమోదు కావాలంటే స్వదేశ కౌన్సిల్ ఇచ్చే సత్ప్రవర్తన ధ్రువపత్రం కావాలి. ఆ పత్రం తీసుకుని వెళ్లిన విషయం ఒక దస్త్రంలో, పేరు కొనసాగుతున్న విషయం మరో దస్త్రంలో ఉండేవి. కర్ణాటకలో చదివి అక్కడ నమోదై, తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో స్థిరపడి ఇక్కడా నమోదైన వైద్యుణ్ణి రెండు రాష్ట్రాల సంఖ్యలు కలిపితే ఇద్దరుగా లెక్కపెట్టినట్లవుతుంది. పెళ్లయ్యాక, పిల్లలు పుట్టాక ఉద్యోగం మానుకున్న నర్సుల సంగతి అసలే తెలియదు. 2014 విభజన తర్వాత తెలంగాణకు వేరే కౌన్సిల్ ఏర్పడగా, ఉమ్మడి రిజిస్టరులోని పేర్లను రెండు రాష్ట్రాల మధ్య సర్దుకోవలసిన పని కూడా తోడైంది.

ఈ అనిశ్చితికి పార్లమెంటులో ఇచ్చిన జవాబుల్లోనే సాక్ష్యం దొరుకుతుంది. 2022 జూన్ నాటికి దేశంలో 13,08,009 మంది అల్లోపతి వైద్యులు నమోదై ఉన్నారని చెప్పిన కేంద్ర ప్రభుత్వం, వారిలో 80 శాతం మంది అందుబాటులో ఉంటారని అనుకుని, 5.65 లక్షల మంది ఆయుష్ వైద్యులను కలిపి, 834 మందికి ఒక వైద్యుడు ఉన్నట్లు నిష్పత్తి కట్టింది. చనిపోయినవారిని, వలస వెళ్లినవారిని, వృత్తి మానినవారిని ఒక్క అంచనాతో తీసివేసి, ఆ అంచనాపై ఆధారపడిన ఫలితాన్ని చివరి అంకె దాకా కచ్చితంగా ప్రకటించడం ఏ శాస్త్రీయ పద్ధతికీ సరిపడదు. ఆ 80 శాతం రాష్ట్రానికీ రాష్ట్రానికీ ఒకటే ఎలా అవుతుంది? వైద్యులు పెద్దసంఖ్యలో విదేశాలకు వెళ్లే తెలుగు రాష్ట్రాలకూ, అలా వెళ్లనివాటికీ ఒకే తీసివేత న్యాయం కాదు.

జనగణన దారిన వచ్చిన లెక్కలు వేరే నిజాన్ని బయటపెట్టాయి. సుధీర్ ఆనంద్, విక్టోరియా ఫాన్ 2001 జనాభా లెక్కలను పరిశీలించి రాసిన అధ్యయనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ప్రచురించింది. అల్లోపతి వైద్యులమని చెప్పుకున్నవారిలో 31.4 శాతం మంది చదువు మాధ్యమిక స్థాయి దాటలేదని, 57.3 శాతం మందికి వైద్య అర్హత లేదని అందులో తేలింది; గ్రామాల్లో అర్హత ఉన్నవారు 18.8 శాతమే. తర్వాత 2021లో వెలువడిన మరో అధ్యయనంలో అనూప్ కరణ్ బృందం రెండు దారులనూ పక్కపక్కన పెట్టింది. కౌన్సిళ్ల లెక్క ప్రకారం దేశంలో ఆరోగ్య సిబ్బంది 57.6 లక్షలు, 2017–18 జాతీయ నమూనా సర్వే ప్రకారం నిజంగా పనిలో ఉన్నవారు 31.2 లక్షలు. నర్సులు, మంత్రసానులు రిజిస్టర్లలో 23.4 లక్షలు కాగా సర్వేలో 14 లక్షలు. అల్లోపతి వైద్యులు 11.6 లక్షలు కాగా సర్వేలో 8 లక్షలు. నమోదైన వైద్యుల్లో పనిచేస్తూ కనిపించినవారు 70 శాతానికి లోపే ఉన్నారంటే, పార్లమెంటులో చెప్పిన 80 శాతం ఎంత ఉదారమైన అంచనాయో తెలుస్తుంది.

నమోదు ఒక్కసారి చేయించుకుంటే జీవితాంతం చెల్లుతుందన్న పాత పద్ధతిని వదిలి, నిర్ణీత గడువుకు పునరుద్ధరణ కోరడం ఈ దూరాన్ని తగ్గించే మార్గాల్లో ముఖ్యమైనది. చాలా రాష్ట్రాల్లో, తెలుగు రాష్ట్రాలు సహా, అయిదేళ్లకొకసారి పునరుద్ధరణ చేయించుకుని, ఆ మధ్యకాలంలో చదువు కొనసాగించినట్లు పాయింట్లు చూపించాలన్న నియమం వచ్చింది. 1858 చట్టంలో రిజిస్ట్రారు ఉత్తరం రాసి అడిగిన ప్రశ్నను ఇప్పుడు పునరుద్ధరణ దరఖాస్తు అడుగుతుంది: వృత్తిలో ఉన్నారా, ఎక్కడ ఉన్నారు? నర్సుల విషయంలో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ఏర్పరచిన నమోదు, అన్వేషణ వ్యవస్థ ప్రతి నర్సుకూ దేశవ్యాప్తంగా చెల్లే ఒకే గుర్తింపు సంఖ్య ఇచ్చి, రాష్ట్రం మారినా రెండు పేర్లు పడకుండా చూస్తోంది. 2019 చట్టం ప్రకారం మెడికల్ కౌన్సిల్ స్థానంలో 2020 సెప్టెంబరు 25న జాతీయ వైద్య కమిషన్ పని మొదలుపెట్టింది. ఆధార్‌తో గుర్తింపు నిర్ధారించే జాతీయ వైద్య రిజిస్టరు వెబ్‌సైటు 2024 ఆగస్టులో ఆరంభమైంది. అప్పటికే రాష్ట్ర రిజిస్టరులో ఉన్న వైద్యులు మళ్లీ దరఖాస్తు చేసి, డిగ్రీ పత్రాలు జతపరచి, రాష్ట్ర కౌన్సిల్, కళాశాల రెండింటి పరిశీలనా దాటితేనే అందులో పేరు చేరుతుంది. వృత్తిలో లేనివారు, దేశంలో లేనివారు ఈ శ్రమ పడరు కనుక, కొత్త పట్టిక పాతదానికన్నా చిన్నదిగా ఉండడమే దాని విశ్వసనీయతకు గుర్తుగా భావించాలి. ఆ చిన్న సంఖ్యను ప్రకటించడానికి ప్రభుత్వాలు వెనుకాడకూడదు.

రక్తపరీక్షలు చేసే టెక్నీషియన్లు, ఫిజియోథెరపిస్టులు, ఆపరేషన్ థియేటర్ సహాయకులు, రేడియోగ్రాఫర్లకు మాత్రం దేశం మొత్తానికి చెల్లే రిజిస్టరు ఇటీవలి దాకా లేదు. వారి కోసం 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం వచ్చింది. నర్సింగ్‌కు 1947 చట్టం స్థానంలో 2023లో నర్సింగ్, మిడ్‌వైఫరీ జాతీయ కమిషన్ చట్టం చేశారు. రెండింటిలోనూ రాష్ట్ర స్థాయి సంస్థ రిజిస్టరును సిద్ధం చేయాలని, దాని నుంచి కేంద్ర రిజిస్టరు రూపొందాలని ఉంది. వైద్యుల విషయంలో 1956లో ఎంచుకున్న ఏర్పాటు కూడా సరిగ్గా ఇదే.